ప్లేనో గోదాంలో ఆకలి లెక్కలు

2020 నవంబర్ 14, శనివారం. డాలస్‌లోని ఫెయిర్ పార్క్ దగ్గర కంటికి ఆనినంత దూరం కార్లు బారులు తీరాయి. మామూలు రోజుల్లో జనం అక్కడికి జెయింట్ వీల్ ఎక్కడానికి, స్టేట్ ఫెయిర్ చూడటానికి వెళ్తారు. ఆ రోజు మాత్రం ఇంట్లోకి సరుకుల కోసం వచ్చారు. థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టిన పంపిణీ అది. ఒక్క రోజులో సుమారు 25 వేల మందికి సరిపోయేలా 6 లక్షల పౌండ్లకు పైగా ఆహారం, దాంతోపాటు 7 వేలకు పైగా టర్కీ కోళ్లు కార్ల డిక్కీల్లోకి చేరాయి. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

అలాంటి ఫొటోలు చూసినప్పుడు మనవాళ్లు చాలామంది అడిగే మాట ఒకటుంది: కారులో వచ్చి ఉచిత సరుకులు పట్టుకెళ్లేవాళ్లు పేదవాళ్లెలా అవుతారు? డాలస్ చుట్టుపక్కల కొన్నాళ్లు బతికినవాళ్లు ఆ మాట అనరు. అక్కడ కారు కాళ్లతో సమానం, అది లేకపోతే ఉన్న ఉద్యోగానికీ వెళ్లలేరు, కొత్త ఉద్యోగం వెతుక్కోనూ లేరు. పైగా జీతం ఆగిపోయిన నెలలో ఇంటి అద్దె కట్టకపోతే నోటీసు వస్తుంది, కారు వాయిదా కట్టకపోతే బండి పట్టుకుపోతారు, కరెంటు బిల్లు కట్టకపోతే కరెంటు పోతుంది. పాలు, కూరగాయలు, మాంసం దగ్గర తగ్గించుకుంటే మాత్రం ఎందుకు తగ్గించావని అడగడానికి ఎవరూ రారు. అందుకే కోత ఎప్పుడూ వంటింట్లోనే మొదలవుతుంది, అది కూడా ముందు తల్లి కంచంలో.

అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని ఆకలి అనే మాటతో కొలవదు, ఆహార భద్రత లేకపోవడం అంటుంది. ఇంట్లో అందరికీ సరిపడా తిండి కొనుక్కునే స్తోమత ఏడాదిలో ఎప్పుడైనా తప్పిందా అన్నది ఆ శాఖ ఏటా చేయించిన సర్వేలో అడిగిన అసలు విషయం. 2023లో అక్కడి కుటుంబాల్లో 13.5 శాతం, అంటే దాదాపు 1 కోటి 80 లక్షల కుటుంబాలు, తప్పిందనే చెప్పాయి. మనుషుల్లో లెక్కేస్తే 4 కోట్ల 70 లక్షలకు పైగా. నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ చూసుకునే 12 కౌంటీల్లోనే (మన జిల్లాల్లాంటివి) ఇలాంటివాళ్లు 7 లక్షలకు పైగా ఉన్నారు. డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ అనగానే మనకి కొత్త ఇళ్లు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, గుళ్లు, దోసె హోటళ్లు గుర్తొస్తాయి. ఈ 7 లక్షల మంది కూడా అదే చుట్టుపక్కల, అవే రోడ్ల మీద తిరుగుతున్నారు.

ఇక్కడ ఒక తేడా ముందే చెప్పుకోవాలి, లేకపోతే మిగతాదంతా గజిబిజి అవుతుంది. ఫుడ్ బ్యాంక్ వేరు, ఫుడ్ ప్యాంట్రీ వేరు. చర్చిలోనో స్కూల్లోనో ఏదో చిన్న హాల్లోనో బల్లలు వేసి సరుకులు చేతికిచ్చేది ప్యాంట్రీ. ఆ ప్యాంట్రీలకు సరుకు సమకూర్చే పెద్ద గోదాం ఫుడ్ బ్యాంక్. హోల్‌సేల్ మండీకి, వీధి చివర కిరాణా కొట్టుకి ఉన్న సంబంధమే ఈ రెండింటికీ ఉంది, అమ్మకం ఒక్కటే ఉండదు. 1982లో డాలస్‌లో మొదలైన నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ 2018లో ప్లేనోలో 2 లక్షల 20 వేల చదరపు అడుగుల పైచిలుకు గోదాంలోకి మారింది. లోపల లారీలు వెనక్కి ఆనించే ప్లాట్‌ఫారాలు, పైకప్పు దాకా అరలు, వాటి మధ్య తిరిగే ఫోర్క్‌లిఫ్టులు, పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీ గదులు, ఇదంతా చూస్తే దానధర్మాల చోటులా అస్సలు కనిపించదు. ఏడాదికి 10 కోట్ల భోజనాలకు పైగా లెక్కొచ్చే సరుకు కొన్ని వందల భాగస్వామ్య సంస్థలకు వెళ్లాలంటే అది గోదాం లాగే నడవాలి, మంచి మనసు ఒక్కటే చాలదు.

ఈ ఆలోచన పుట్టింది అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఒక చర్చి వంటశాలలో పేదలకు భోజనం పెట్టే పనిలో సాయం చేసేవాడు. అక్కడికి వచ్చే ఒక పదిమంది పిల్లల తల్లి తన పిల్లల్ని ఎలా సాకుతోందో చెప్పింది: సూపర్ మార్కెట్ వెనక చెత్తడబ్బాల్లో పారేసినవి ఏరి తెస్తున్నానని, వాటిలో చాలావరకు శుభ్రంగానే ఉంటున్నాయని. డబ్బుకి బ్యాంక్ ఉన్నట్టు ఇలా పారేసే తిండికీ ఒక బ్యాంక్ ఉంటే, ఉన్నవాళ్లు వేస్తే, లేనివాళ్లు తీసుకుంటారు కదా అంది. సెయింట్ మేరీస్ చర్చి ఒక పాత బేకరీ ఇచ్చింది, 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ మొదలైంది, మొదటి ఏడే 2 లక్షల 75 వేల పౌండ్ల ఆహారం పంచింది. ఫుడ్ బ్యాంక్ అనే పేరు పెట్టిన ఘనత అంతా వాన్ హెంగెల్‌కే పోతుంది గానీ, ఆలోచన ఆ తల్లిది. ఊరూరా ఇలాంటివి పుట్టాక 1979లో వాటన్నింటికీ కలిపి సెకండ్ హార్వెస్ట్ అనే జాతీయ సంస్థ ఏర్పడింది, 2008లో దాని పేరు ఫీడింగ్ అమెరికాగా మారింది. ఇప్పుడు ఆ గొడుగు కింద 200 దాకా ఫుడ్ బ్యాంకులు, 60 వేల దాకా ప్యాంట్రీలు, భోజనశాలలు ఉన్నాయి. ప్లేనో గోదాం కూడా ఆ 200లో ఒకటి.

కంపెనీలు ఇంత సరుకు ఎందుకిస్తాయి అన్నదానికి మంచితనం ఒక్కటే జవాబు కాదు, చట్టం కూడా ఉంది. పారేయాల్సిన సరుకు దానం చేస్తే పన్నులో మినహాయింపు దొరికేలా 1976లో నిబంధన తెచ్చారు. ఇచ్చిన తిండి తిని ఎవరికైనా జబ్బు చేస్తే కేసులవుతాయేమో అన్న భయం మాత్రం అలాగే ఉండిపోయింది. 1996లో బిల్ ఎమర్సన్ పేరుతో వచ్చిన చట్టం దాన్ని చాలావరకు తీసేసింది. మంచి ఉద్దేశంతో, తినడానికి పనికొచ్చే ఆహారం దానం చేసినవాళ్ల మీద దావా వేయడం కుదరదు, ఘోరమైన నిర్లక్ష్యమో కావాలని చేసిన తప్పో ఉంటే తప్ప. దానగుణాన్ని మెచ్చుకోవడం అందరూ చేస్తారు, దానం చేసే చేతికి అడ్డొస్తున్న భయాన్ని తీసేయడం ప్రభుత్వమే చేయగలదు.

సరుకు వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఏ ఊరికి ఏది పంపాలి? 2005కి ముందు జాతీయ సంస్థ దగ్గరకి ఒక లారీ సరుకు వస్తే, వరసలో ముందున్న ఫుడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి కావాలా వద్దా అని అడిగేవాళ్లు. రవాణా ఖర్చు తీసుకునేవాళ్లే పెట్టుకోవాలి. పైనుంచి చూస్తే న్యాయంగానే ఉంది, అందరికీ వరస ప్రకారం వస్తుంది, పేదలు ఎక్కువున్న చోటికి ఎక్కువ పౌండ్లు వెళ్తాయి. కానీ ఆ పౌండ్లు దేనివి? బంగాళాదుంపలకు పేరుపడ్డ ఐడహోకి లారీడు బంగాళాదుంపలు పంపిన సందర్భాలున్నాయి. అప్పటికే స్థానిక కంపెనీల నుంచి పాలో రొట్టెలో దండిగా వచ్చే చోటికి మళ్లీ అవే వెళ్లేవి, పక్క రాష్ట్రంలో వాటికోసమే ఎదురుచూస్తుంటే. మంచి సరుకు తప్పుడు చోట కుళ్లడం దొంగతనం కంటే తక్కువ నష్టమేమీ కాదు, కాకపోతే దానికి దోషి దొరకడు.

షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్రవేత్తలు కొందరు ఫుడ్ బ్యాంకులు నడిపేవాళ్లతో కూర్చుని దీనికి ఒక దారి వెతికారు. ప్రతి ఫుడ్ బ్యాంక్‌కీ దాని పరిధిలో ఉన్న పేదల సంఖ్యను బట్టి షేర్లు అనే ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. వచ్చిన లారీల జాబితా పెడతారు, రోజుకి రెండుసార్లు వేలం. కావాల్సినవాళ్లు షేర్లతో పాడుకుంటారు, ఖర్చయిన షేర్లు మళ్లీ అందరికీ పంచుతారు. ఒక మిషిగన్ ఫుడ్ బ్యాంక్ అధిపతి మొదట్లోనే లేచి, నేను సోషలిస్టుని, మార్కెట్ల మీద నమ్మకం లేకనే ఈ పని చేస్తున్నాను అని గట్టిగా ఎదురు చెప్పాడు. ఆ భయంలో న్యాయం ఉంది, పెద్ద ఊళ్ల ఫుడ్ బ్యాంకులు మంచివన్నీ పాడుకుని పోతే చిన్నవాళ్లకి మిగిలేదేంటి? అందుకే చిన్న ఫుడ్ బ్యాంకులు అప్పు మీద పాడుకోవచ్చని, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక లారీ తీసుకోవచ్చని, తమ దగ్గర ఎక్కువైనది ఇతరులకి అమ్మి షేర్లు సంపాదించుకోవచ్చని ఏర్పాట్లు చేశారు. అమల్లోకి వచ్చాక తేలిందేమంటే, అంతకుముందు ఒక పౌండు అంటే ఒక పౌండే అనుకున్నవి నిజానికి ఒకటి కావు. పాస్తా, వేరుశనగ వెన్న, సీరియల్ లాంటి నిలవుండే వాటికి షేర్లు ఎగబడి ఇచ్చారు, త్వరగా పాడయ్యే కూరగాయలు చాలా చవగ్గా పోయాయి. కొన్ని సరుకులకి ధర సున్నా కంటే కిందికి కూడా వెళ్లింది, అంటే తీసుకెళ్లినవాళ్లకే ఎదురు షేర్లు ఇచ్చారు. ఐడహోకి బంగాళాదుంపలు పంపే పని ఎవరూ ఆర్డర్ వేసి ఆపలేదు, ఐడహో వాళ్లు పాడుకోవడం మానేస్తే అదే ఆగింది.

గోదాంలోకి సరుకు వచ్చే దారులు ప్రధానంగా నాలుగు. సూపర్ మార్కెట్లు అమ్మకానికి పెట్టలేక తీసేసినవి, తయారీ కంపెనీలూ రైతులూ ఇచ్చేవి, కేంద్ర ప్రభుత్వం కొని పంపేవి, ఫుడ్ బ్యాంక్ తన డబ్బుతో కొనేవి. ఇళ్ల నుంచి, ఆఫీసుల నుంచి, తెలుగు సంఘాల నుంచి అట్టపెట్టెల్లో వచ్చే డబ్బాల సరుకు ఈ నాలుగింటి పక్కన చాలా చిన్నది. సూపర్ మార్కెట్ సరుకులో పెద్ద తలనొప్పి తేదీలతో. డబ్బా మీద ఫలానా తేదీలోపు వాడితే మంచిది అని ఉంటే ఆ తర్వాత అది విషమైపోతుందని మనందరికీ ఒక నమ్మకం. నిజానికి అమెరికాలో కేంద్ర చట్టం తేదీ వేయాల్సిందేనని పట్టుబట్టేది పసిపిల్లల పాలపొడి ఒక్కదానికే. మిగతా వాటిమీద తేదీలు ఎక్కువగా కంపెనీలు రుచి, తాజాదనం చూసుకుని వేసుకున్నవి. మాంసాన్ని అమ్మకపు గడువు దాటకముందే గడ్డకట్టించి ఇచ్చేస్తే చాలాకాలం నిలవుంటుంది. బీన్స్ డబ్బాలు ముద్రించిన తేదీ దాటినా డబ్బా ఉబ్బకుండా, సొట్టపడకుండా ఉంటే తినొచ్చు. పసిపిల్లల పాలపొడి మాత్రం తేదీ దాటితే చెత్తలోకే.

ఈ తేడాలన్నీ చూసి వేరుచేసే పని చాలావరకు వాలంటీర్లది. శనివారం పొద్దున ఆఫీసు బృందాలు, స్కూలు పిల్లలు, రిటైరైనవాళ్లు, అమ్మాయి దగ్గరకో అబ్బాయి దగ్గరకో ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా బల్లల చుట్టూ నిలబడి డబ్బాలు తిప్పి చూస్తుంటారు. సొట్ట సీలు దగ్గర ఉంటే ఒక పక్కకి, మధ్యలో ఉంటే ఇంకో పక్కకి, చింపిన ప్యాకెట్ అయితే అవతలికి. ఇంగ్లీషు అంతగా రాకపోయినా చేయగలిగిన పని ఇది.

పిల్లల దగ్గరకి వచ్చేసరికి సమస్య వేరే రూపంలో ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు చాలామందికి స్కూల్లో పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతాయి. మరి శుక్రవారం మధ్యాహ్నం తిన్నాక సోమవారం పొద్దుటి దాకా? అందుకే శుక్రవారం సాయంత్రం పిల్లల చేతికి వారాంతానికి సరిపడా తినుబండారాల సంచి ఇచ్చే పథకం చాలా ఫుడ్ బ్యాంకులు నడుపుతాయి, నార్త్ టెక్సాస్‌లోనూ ఉంది. పొయ్యి వెలిగించకుండా, పెద్దవాళ్ల సాయం లేకుండా, ఏడేళ్ల పిల్ల తనంతట తనే తెరిచి తినగలిగేవి పెట్టాలని అందులో జాగ్రత్త పడతారు. తక్కువ ఆదాయం ఉన్న, 60 దాటిన పెద్దవాళ్లకి నెలనెలా కేంద్ర ప్రభుత్వ సరుకుల పెట్టె వెళ్తుంది, అందులో చీజ్, డబ్బాల్లో పళ్లు, మాంసం, పాలు ఉంటాయి. ఆ పెట్టె బరువెక్కువ, కాబట్టి నడవలేని ముసలామెకి అది ఇంటికి చేర్చే మనిషి దొరకడం సరుకు దొరకడమంత ముఖ్యం.

ఇక నమ్మకం సంగతి. డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకి వేళ చూడకుండా అన్నం పెట్టేవారని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని తిన్నవాళ్లని ఊరంతా చూసింది. వడ్డించే చెయ్యి, తినే విస్తరి, చూసే కన్ను ఒకే చోట ఉన్నాయి, అక్కడ ఆడిటర్ అవసరం లేదు. ఫుడ్ బ్యాంక్‌లో ఈ మూడూ విడిపోయాయి. డబ్బిచ్చే ఆయన ఫ్రిస్కోలో ఫోన్ నొక్కుతాడు, సరుకు ప్లేనోలో దిగుతుంది, తినే కుటుంబం దక్షిణ డాలస్‌లో ఎక్కడో ఉంటుంది, ఒకరి ముఖం ఒకరు ఎప్పటికీ చూడరు. కన్ను చేసిన పని ఇక్కడ కాగితం చేయాలి. దాత నమ్మకం మొత్తం ఆ కాగితం నిజాయితీ మీద నిలబడి ఉంటుంది, ప్రచార వీడియోలో సంగీతం ఎంత బాగుందన్న దాని మీద కాదు.

ఆ కాగితంలో మొదట కనిపించే అంకె భోజనాలు. ఫలానా ఏడాది ఇన్ని కోట్ల భోజనాలు పెట్టాం అని ప్రతి ఫుడ్ బ్యాంకూ చెప్తుంది. ఎవరూ కూర్చుని విస్తళ్లు లెక్కపెట్టరు. 1.2 పౌండ్లు, అంటే మన లెక్కలో అరకిలో కంటే కాస్త ఎక్కువ, ఒక భోజనం కింద లెక్క. మనిషి సగటున పూటకి తినే తిండి బరువు గురించి వ్యవసాయ శాఖ దగ్గర ఉన్న సమాచారం నుంచి వచ్చిన కొలత అది. లెక్క మోసం కాదు, కానీ దాని బలహీనత తెలుసుకోవాలి: 1.2 పౌండ్ల కందిపప్పు లాంటి పప్పు కూడా ఒక భోజనమే, 1.2 పౌండ్ల కూల్‌డ్రింక్ కూడా ఒక భోజనమే. బరువొక్కటే చూసే సంస్థకి సోడా సీసాలు తీసుకోవడం చాలా లాభం, బరువుగా ఉంటాయి, పాడవవు, అంకె పెరుగుతుంది. అందుకే పోషణ నిపుణులు 2020లో ఫుడ్ బ్యాంకుల కోసం ప్రత్యేకంగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని ఒక వర్గీకరణ ఇచ్చారు, ఉప్పు, చక్కెర, కొవ్వు ఎంతున్నాయో చూసి. తరచుగా తినదగ్గవి, అప్పుడప్పుడు తినదగ్గవి, ఎప్పుడో గానీ తినకూడనివి. మొత్తం పౌండ్లతో పాటు అందులో ఆకుపచ్చ వాటా ఎంతో కూడా బయటపెట్టే ఫుడ్ బ్యాంక్ కనిపిస్తే దాని మిగతా లెక్కల మీద కూడా గౌరవం పెరుగుతుంది, ఎందుకంటే తనకి ఇబ్బంది పెట్టే అంకెను తనే చూపిస్తోంది.

రెండో అంకె డాలరుకి ఎన్ని భోజనాలు అన్నది. నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ ఒకప్పుడు డాలరుకి మూడు అనేది, ఇప్పుడు రెండు అంటోంది. జాతీయ సంస్థ ఫీడింగ్ అమెరికా డాలరుకి పది అంటుంది. దీన్ని చూసి జాతీయ సంస్థకి ఇస్తే ఐదు రెట్లు పుణ్యం అనుకుంటే పొరపాటు. జాతీయ సంస్థ చేసేది ఎక్కువగా పెద్ద కంపెనీలతో మాట్లాడి లారీల కొద్దీ సరుకు కుదర్చడం, ఆ లారీని దింపుకుని, చల్లగా ఉంచి, వేరుచేసి, ఊళ్లకి చేర్చే ఖర్చు స్థానిక ఫుడ్ బ్యాంక్ మీద పడుతుంది. ఒకే భోజనం ఇద్దరి లెక్కలోనూ కనిపించవచ్చు. మూడు నుంచి రెండుకి దిగడం చూసి కొందరికి అనుమానం రావచ్చు గానీ, డీజిల్, గుడ్లు, గిడ్డంగి కూలీ అన్నీ పెరిగిన కాలంలో పాత అంకెనే పట్టుకుని వేలాడే సంస్థ మీద అనుమానపడటం ఎక్కువ సబబు. డబ్బాల కంటే డబ్బే ఇవ్వండి అని వాళ్లు అడగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మనం చిల్లర ధరకి కొన్న డబ్బా ఒకటే డబ్బా, అదే డబ్బు లారీ లోడు బేరంలో, రవాణాలో ఇంకా ఎక్కువ పని చేస్తుంది.

మూడో అంకె దగ్గరే చాలామంది దాతలు బోల్తా పడతారు. వంద డాలర్లిస్తే తొంభై నాలుగో తొంభై ఐదో నేరుగా కార్యక్రమాలకే వెళ్తాయి అని పెద్ద ఫుడ్ బ్యాంకులు దాదాపు అన్నీ రాసుకుంటాయి. అబద్ధం కాదు, కానీ ఆ శాతం ఎలా పుడుతుందో చూడాలి. దానంగా వచ్చిన సరుకుకి పౌండుకి సుమారు 2 డాలర్ల చొప్పున విలువ కట్టి ఆదాయం కింద రాస్తారు, అది పంచేశాక అదే విలువ ఖర్చు కింద రాస్తారు. ఊహకి ఒక లెక్క వేద్దాం: ఒక సంస్థకి 10 కోట్ల పౌండ్ల సరుకు వచ్చింది, అంటే 20 కోట్ల డాలర్లు. నగదు విరాళాలు 5 కోట్లు. అందులో కోటి డాలర్లు ఆఫీసు జీతాలకి, విరాళాల సేకరణకి పోయాయి. మొత్తం 25 కోట్ల మీద లెక్కేస్తే అది 4 శాతమే, చూడముచ్చటగా ఉంటుంది. నగదు మీద లెక్కేస్తే 20 శాతం. రెండూ నిజమే. ఆ 20 శాతం కూడా తప్పేమీ కాదు, ఎందుకంటే మంచి మేనేజరు, మంచి అకౌంటెంటు, లారీలు సరిగ్గా తిప్పే మనిషి లేకపోతే ఆ 10 కోట్ల పౌండ్లు కదలవు. రెండు సంస్థల్ని పోల్చేటప్పుడు మాత్రం సరుకు విలువ పక్కనపెట్టి నగదు ఎలా ఖర్చయిందో చూస్తేనే ఏమైనా అర్థమవుతుంది. అది చూడటం కష్టం కూడా కాదు. అమెరికాలో ఇలాంటి సంస్థలు ఏటా ఆదాయపన్ను శాఖకి ఇచ్చే ఫారం 990 ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, అధిపతి జీతం ఎంతో కూడా అందులో ఉంటుంది. స్వతంత్ర ఆడిట్ నివేదికలు చాలా ఫుడ్ బ్యాంకులు తమంతట తామే బయటపెడతాయి. దాతల కోసం సేవాసంస్థలకి ఇచ్చే నాలుగు నక్షత్రాల రేటింగు కంటే ఈ రెండు కాగితాలు అరగంట చదివితే ఎక్కువ తెలుస్తుంది.

డబ్బు లెక్క ఒకటైతే సరుకు జాడ ఇంకొకటి. ఒక వేరుశనగ వెన్నలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉందని కంపెనీ వెనక్కి పిలిస్తే, 2022లో ఒక పెద్ద బ్రాండు విషయంలో అలాగే జరిగింది, ఏ సీసాలు ఏ ప్యాంట్రీకి వెళ్లాయో వెతికి పట్టుకోగలగాలి. సూపర్ మార్కెట్‌కి ఎంత బాధ్యత ఉందో ఇక్కడా అంతే, ఉచితం అన్నమాట అడ్డం పెట్టుకోవడానికి లేదు. ప్యాంట్రీలతో ఒప్పందాలూ అంతే గట్టిగా ఉంటాయి. ఇచ్చిన సరుకు అమ్మకూడదు, దానికి బదులు పని చేయించుకోకూడదు, మా ప్రార్థనలో కూర్చుంటేనే ఇస్తాం అనకూడదు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసిపెడుతున్నారా, సరుకు నేలమీద పెడుతున్నారా అని తనిఖీకి వస్తారు.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. దాత నమ్మకం కోసం పేదవాడిని ఎంతవరకు ప్రశ్నించొచ్చు? ఇచ్చేవాడికి ఎప్పుడూ ఒక బెంగ ఉంటుంది, అర్హత లేనివాళ్లు పట్టుకుపోతున్నారేమో అని. ఆ బెంగ తీర్చాలంటే ఆదాయం కాగితాలు, గుర్తింపు కార్డులు, జీతం స్లిప్పులు అడగాలి. అడిగితే ఏమవుతుంది? రోజుకూలీకి జీతం స్లిప్పు ఉండదు, భర్త కొట్టి తరిమేసిన ఆమె దగ్గర కరెంటు బిల్లు ఆమె పేరు మీద ఉండదు, నిన్ననే ఉద్యోగం పోయినవాడి కాగితాల్లో ఇంకా పాత జీతమే ఉంటుంది. నిజంగా అవసరమున్నవాళ్లే ఆ కాగితాల దగ్గర ఓడిపోతారు, అబద్ధమాడేవాడు ఎలాగోలా తెచ్చుకుంటాడు. అందుకే ప్రభుత్వ సరుకు విషయంలో కూడా చాలాచోట్ల పేరు, చిరునామా, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఇంతలోపే అని చెప్పి సంతకం పెడితే చాలు. గంట సేపు లైన్లో నిలబడి, ఏ డబ్బాలు దొరుకుతాయో కూడా తెలియకుండా ఎదురుచూసేవాళ్లలో అవసరం లేనివాళ్లు ఎంతమంది ఉంటారు? పైన గోదాం లెక్క ఎంత కఠినంగా ఉంటే కింద బల్ల దగ్గర అంత మెత్తగా ఉండొచ్చు. ఈ రెండింటినీ తారుమారు చేసిన సంస్థ, అంటే తన ఖర్చుల దగ్గర వదులుగా, వచ్చినవాళ్ల దగ్గర బిగువుగా ఉండేది, దాతకి ఎంత నచ్చినా నమ్మదగ్గది కాదు. కొన్ని ప్యాంట్రీలు ఇప్పుడు సంచి కట్టి చేతికివ్వడం మానేసి కొట్టులో లాగా అరల్లో పెట్టి ఎంచుకోమంటున్నాయి. మాంసం తిననివాళ్లు బీన్స్ తీసుకుంటారు, షుగర్ ఉన్నవాళ్లు సీరియల్ వదిలేస్తారు, పారేసేది తగ్గుతుంది, అన్నింటికంటే ముఖ్యంగా మనిషి తన ఇంటి వంట తనే నిర్ణయించుకుంటాడు.

తెలుగువాళ్లకి ఈ సంగతితో సంబంధం దాతలుగా మాత్రమే ఉందనుకుంటే సగమే చూసినట్టు. దాతల వైపు చెప్పుకోదగ్గ పని జరిగింది. 2017లో రాజ్, ఆరాధన అసావా దంపతులు నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్‌తో కలిసి హంగర్ మిటావో అనే ఉద్యమం మొదలుపెట్టారు, భారతీయ అమెరికన్లని ఒకచోట చేర్చి విరాళాలు, వాలంటీర్లు, ఆకలి గురించిన మాట మూడూ పెంచడానికి. అది తర్వాత వేరే నగరాలకూ పాకింది. తెలుగు సంఘాలు కూడా ఫుడ్ డ్రైవ్‌లు పెడుతూనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఇంకో సదుపాయం ఉంది, చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత డబ్బు తామూ కలుపుతాయి. ఒక్క ఫారం నింపితే రెండింతలయ్యే ఆ డబ్బు బద్ధకం వల్ల వదిలేయడం నిజంగా బాధ కలిగించే విషయం.

మరోవైపు, మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలున్నారు. అప్పు చేసి ఫీజు కట్టి, పార్ట్‌టైమ్ పని దొరక్క, నలుగురు కలిసి ఒక గదిలో ఉంటూ రోజుకొక పూట తిని, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందమ్మా అని చెప్పేవాళ్లు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఫుడ్ స్టాంపులు, అంటే తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం చేసే సాయం, రావు. మన విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదివే రిచర్డ్‌సన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో కామెట్ కబ్బర్డ్ అనే ప్యాంట్రీ ఉంది, ఇలాంటివి చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకునేవాళ్లు కొందరు. అవసరం లేకపోయినా వెళ్లి, ఉచితంగా ఎలా తెచ్చుకోవాలో వీడియోలు పెట్టేవాళ్లు ఇంకొందరు. 2023లో కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంక్ అంతర్జాతీయ విద్యార్థులకి సరుకులు ఇవ్వబోమని ప్రకటించేదాకా పోయింది వ్యవహారం. నిజంగా ఆకలితో ఉన్న విద్యార్థి ఆ బోర్డు చదివి వెనక్కి తిరిగాడంటే, ఆ వీడియోల ఖరీదు అతను కట్టినట్టే. ఆకలేసినప్పుడు ప్యాంట్రీకి వెళ్లడం తప్పు కాదని, ఆకలి లేనప్పుడు వెళ్లడం తప్పని, ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో మన పిల్లలకి చెప్పాలి.

ఫుడ్ బ్యాంక్ ఎంత పెద్దదైనా దాని హద్దు కూడా తెలియాలి. ఫీడింగ్ అమెరికా లెక్క ప్రకారం ఫుడ్ బ్యాంకులు ఒక భోజనం పెడితే ప్రభుత్వ ఫుడ్ స్టాంపుల పథకం స్నాప్ తొమ్మిది పెడుతుంది. 2025 అక్టోబర్ 1న కేంద్ర ప్రభుత్వం మూతపడి నవంబర్ 12 దాకా అలాగే ఉన్నప్పుడు, సుమారు 4 కోట్ల 20 లక్షల మంది ఆధారపడ్డ ఆ పథకం డబ్బు నవంబర్‌లో సమయానికి పడలేదు. దేశమంతా ప్యాంట్రీల ముందు లైన్లు పెరిగాయి. ఒకటి పెట్టే చెయ్యి తొమ్మిది పెట్టే చెయ్యి స్థానంలోకి ఎలా వస్తుంది? రాలేదు. అదే ఏడాది మొదట్లో వ్యవసాయ శాఖ ఫుడ్ బ్యాంకులకి పంపాల్సిన సరుకులో కొంత రద్దు చేసింది కూడా. మాకు ఇవ్వండి అని అడుగుతూనే మేము ఒక్కళ్లమే దీన్ని తీర్చలేము, స్నాప్‌లో కోత పెట్టొద్దు అని పైకి చెప్పే ఫుడ్ బ్యాంక్‌కి కొందరు దాతలు దూరమవుతారు, రాజకీయాలు ఎందుకని. కానీ తన శక్తి ఎంతో దాచిపెట్టి, మీ డాలరుతో ఆకలి అంతమవుతుంది అని చెప్పే సంస్థ చేస్తున్నది అంతకంటే పెద్ద నష్టం, ఆకలి తీరిపోతోందన్న భ్రమ అమ్ముతోంది.

విరాళాల క్యాలెండర్ కూడా ఆకలి క్యాలెండర్‌తో కలవదు. థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా డబ్బు, డబ్బాలు, వాలంటీర్లు ముంచెత్తుతారు, డిసెంబర్ శనివారం స్లాట్లు ముందే నిండిపోతాయి. జూన్‌లో బడులు మూస్తారు, పిల్లల రెండు పూటల తిండి మళ్లీ ఇంటిమీద పడుతుంది, టెక్సాస్ ఎండకి ఏసీ బిల్లు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇచ్చేవాళ్లూ వచ్చేవాళ్లూ సెలవులకి వెళ్తారు. నెలకి ఇరవై డాలర్లు తనంతట తనే కట్ అయ్యేలా పెట్టిన దాత డిసెంబర్‌లో ఒకేసారి రెండు వందల నలభై ఇచ్చే దాతతో సమానమే డబ్బులో, కానీ గోదాం మేనేజరుకి జూలైలో పాలు ఎన్ని ఆర్డర్ పెట్టాలో ముందే తెలిసేది ఆ మొదటి దాత వల్లే.